రాజుగారికి మాట అందించింది నేను

ఆ రోజుల్లో ఉప్పు కొఠారులో పనిచేసే ఆడపిల్లకి అక్షరాలు ఎందుకని అడిగితే మా బోగోలు వైపు జవాబు చెప్పేవాళ్లు లేరు. అసలు అడిగేవాళ్లే లేరు. ఉప్పు గంప మీద ఏమీ రాసి ఉండదు, మడిలో నీళ్ల మీద ఏమీ రాసి ఉండదు. మిషన్ బడి మా పల్లెకి రెండు ఫర్లాంగుల దూరంలోనే ఉండేది. కానీ నా తర్వాత నలుగురు పుట్టారు. ఎప్పుడూ చంకలో ఒకరు ఉండేవారు, చంకలో బిడ్డతో వచ్చినవాళ్లకి ఆ బడిలో చోటు లేదు. అందుకని నేను ఇంతకాలం ఏమీ రాయలేదు. డెబ్బై దాటి, కంటి ఆపరేషన్ అయ్యాక, పాస్టరమ్మగారు బుధవారం ప్రార్థన ముగిసిన తర్వాత చర్చి వసారాలో మమ్మల్ని ఆరుగురు ముసలివాళ్లని కూర్చోబెట్టి పలకలు ఇచ్చింది. నలుగురు నెలలోపే మానేశారు. ఒకామె మధ్యలో ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. మిగిలింది నేను. రెండేళ్లకి కూడబలుక్కుని చదవడం వచ్చింది, ఇంకో ఏడాదికి రాయడం వచ్చింది. (రాయడం అంటే, ముత్యాల్లాంటి అక్షరాలు అనుకునేరు. నావి వాన వచ్చేముందు పరుగెత్తే పీతల్లాగా ఉంటాయి.) ఇంత కష్టపడి నేర్చుకున్నది దేవుడి మాట చదువుకోవడానికే. కానీ మొదటిసారి నాలుగు పేజీలు వరసగా రాయాలన్నంత కోపం తెప్పించింది మాత్రం ఒక సినిమా యాక్టరు జీవితచరిత్ర.

ఆ యాక్టరు పేరు నేను రాయను. ఆయన పోయి చాలా ఏళ్లయింది, పిల్లలూ మనవలూ ఉన్నారు. నలుపూ తెలుపూ సినిమాల కాలంలో కిరీటం పెట్టుకుని రాజు వేషం వేసి, పెద్ద పెద్ద సంస్కృతం మాటల మధ్యలో ఉన్నట్టుండి మన పల్లెటూరి మాట ఒకటి విసిరి జనాన్ని పడీపడీ నవ్వించేవాడని చెబితే మీలో పెద్దవాళ్లు తల ఊపుతారు. అంతకుముందు ఆయన మా ఉప్పు కొఠారులో గుమాస్తా. కాటా దగ్గర నిలబడి బస్తాలు తూయించేవాడు. మేమంతా గుమాస్తన్న అనేవాళ్లం. మొన్న ఊళ్లో గ్రంథాలయానికి పోతే అట్ట మీద కిరీటంతో ఆయన బొమ్మ కనిపించింది. మా గుమాస్తన్నే అని సంబరపడి తెచ్చుకున్నాను. రోజుకి ఒక పేజీ, వేలు పెట్టుకుని చదివాను. కొఠారు సంగతి వచ్చింది, మా ఊరు పేరు వచ్చింది, నాకు కళ్లల్లో నీళ్లు కూడా వచ్చాయి. ఆ తర్వాత కావలిలో జరిగిన నాటక పోటీల సంగతి వచ్చింది. ఆ కళ్లల్లో నీళ్లు అక్కడే ఆవిరైపోయాయి. అందులో ఏం రాశారంటే, ఆ రోజు తెర వెనక నుంచి మాట అందించేవాడు లేకుండానే ఆయన నాటకమంతా ఆడాడట. పద్యం మరచిపోయిన క్షణంలో సరస్వతీదేవే ఆయన నాలుక మీద నిలిచి ఒక మాట పలికించిందట. ఆ మాటే ఆయన్ని మద్రాసు తీసుకుపోయిందట.

ఆ సరస్వతికి ఆ రోజున రెండు చేతులకీ ఉప్పు పుళ్లు. పరికిణీ వెనక చినుగు. పదిహేనేళ్లు. ఆమె ఇప్పుడు ఇది రాస్తోంది.

జరిగింది చెబుతాను. మా నాయన కొఠారు గోడౌనుకి కాపలాదారు. ఆ గోడౌనులోనే సాయంత్రాలు నాటకం రిహార్సళ్లు జరిగేవి. అన్నం సద్ది తీసుకుని నేను రోజూ పోయేదాన్ని. ఆడపిల్లలు లోపలికి రాకూడదు. పైగా మా అమ్మ నాటకాలు చూస్తే పాపమనేది. (వింటే పాపమని మాత్రం ఎప్పుడూ అనలేదు. నేను అడగలేదు.) అందుకని బయట రేకు గోడకి వీపు ఆనించి కూర్చునేదాన్ని. లోపల మనుషులు కనపడేవాళ్లు కాదు, గొంతులు మాత్రం ఖంగుమని వినపడేవి. ఒక రాజు, ఆయన తమ్ముడు, సగం రాజ్యం కోసం పోట్లాట, మధ్యలో రాణి ఏడుపు, చెలికత్తెలు. నాలుగు నెలలు విన్నాను. చదువు రానివాళ్లకి చెవిలో పడ్డది చెవిలోనే ఉండిపోతుంది, రాసిపెట్టుకుందామనే ఆలోచన ఉండదు కదా. రాజు మాటలు, రాణి మాటలు, పద్యాలు, రాగం తీసే చోట్లు, అన్నీ నాకు నోటికి వచ్చేశాయి. ఉప్పు గంప మోస్తూ రాణి ఏడుపు ఏడిస్తే పక్కన మోసేవాళ్లు నిజంగా ఏమైందోనని గంపలు దించేవాళ్లు.

ఇక్కడ ఒక సంగతి మీరు తెలుసుకోవాలి. రాజు వేషం గుమాస్తన్నది, తమ్ముడి వేషం మా మేస్త్రిది. మేస్త్రి ఆరడుగుల మనిషి, గద పట్టుకోమంటే ఇరవై ఏళ్ల అలవాటు కొద్దీ ఉప్పు గంప ఎత్తినట్టు రెండు చేతులతో భుజం మీదికి ఎత్తేవాడు. నేర్పించే హార్మోనియం మాస్టారికి అది చూస్తే ఒళ్లు మండేది. రోజూ సరిగ్గా అదే చోట పెట్టె ఆపి, "చెయ్యి దించు! ఉప్పు మోస్తుండావా, రాజ్యం ఏలేదానికి వచ్చినావా?" అని అరిచేవాడు. ఆ తర్వాత రాజు పద్యం మొదలయ్యేది. గుమాస్తన్నకి కాటా పని దాదాపు రోజూ పొద్దుపోయేదాకా ఉండేది, ఆయన వచ్చేలోపు రాజు మాటలు కూడా మాస్టారే చెప్పేవాడు. రేకు గోడ ఇవతల కూర్చున్నదాన్ని, నాకేం తెలుసు? మాస్టారి గొంతు అంటే రాజు గొంతే. తమ్ముడు గద ఎత్తుతాడు, రాజు చెయ్యి దించమంటాడు, ఆ తర్వాత పద్యం పాడతాడు. నాలుగు నెలలు ఒక్కరోజు కూడా తప్పకుండా విన్న మాట, నాటకంలోది కాదని ఎవరైనా అనుకుంటారా? నాటకం మొత్తంలో నాకు బాగా నచ్చిన మాట కూడా అదే. మిగిలినవి సగం అర్థమయ్యేవి కావు.

కావలిలో పోటీలు పగలు పెట్టారు. మాది మధ్యాహ్నం వంతు. వేషాల పెట్టెకి కాపలాగా మా నాయన, పెట్టె మోయడానికి నేను. మాట అందించే పని మిషన్ బడి అయ్యవారిది. ఆయన దగ్గర నాటకమంతా రాసిన నోటుపుస్తకం ఉండేది. దాన్ని ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. పెద్ద పండితుడినన్నట్టు పక్క తెర వెనక స్టూలు వేయించుకుని, కళ్లద్దాలు తీసి పక్కన పెట్టి, కండువాతో ముఖం తుడుచుకుని, ఆ కళ్లద్దాల మీదే కూర్చున్నాడు.

పటుక్కుమంది.

అప్పటికే తెర లేచింది. అయ్యవారు నోటుపుస్తకాన్ని ముక్కుకి ఆనించాడు, చెయ్యంత దూరం పెట్టాడు, వెలుతురు వైపు తిప్పాడు. రాజు మొదటి మాటకే ఆగిపోయి తెర వైపు చూస్తే, ఈయన ఏ పేజీలో ఉన్నాడో ఏమో, "అమ్మా, తమకి స్నానానికి వేళయినది" అని అందించాడు. గుమాస్తన్న నోరు తెరిచి, మళ్లీ మూసేశాడు. (ఆ తెలివి ఉంది ఆయనకి, కాదనను.)

"ఏందయ్యోరా, రాజుకి చెలికత్తె మాట అందిస్తుండావు?" అన్నాడు మా నాయన.

"కనపడి చస్తే గదరా! అక్షరాలన్నీ చీమల మాదిరి పోతుండాయి!"

"మా పాపకి మొత్తం వచ్చు. చెప్పమంటావా?"

"దానికి చదువు యాడొచ్చురా?"

"నీకు వచ్చి ఇప్పుడేం చేస్తుండావు?"

మా నాయన జీవితంలో చదువుకున్న మనిషిని ఎదిరించి మాట్లాడింది ఆ ఒక్కసారే. అయ్యవారు ఉడుక్కున్నాడు కానీ వేరే దారి లేదు. స్టూలు దిగి నన్ను ఎక్కించాడు. నోటుపుస్తకం నా చేతికిచ్చి, "ఊరికే పట్టుకో మే, ఎవురన్నా చూస్తే బాగుండదు" అన్నాడు. పట్టుకున్నాను. తలకిందులుగా పట్టుకున్నానని ఆయనే చూసి తిప్పాడు. అక్కడి నుంచి గంటసేపు ఆ నాటకాన్ని నేనే నడిపించాను. రాజు తడబడితే రాజుకి, రాణి తడబడితే రాణికి, తెర చిల్లుకి నోరు పెట్టి మాట అందించాను. అందించేవాడు లేకుండా ఆడారట! ఆ రాసినాయన వచ్చి నా గొంతుని అడగాలి. మూడు రోజులు నీళ్లు మింగలేకపోయింది.

ఆ తర్వాత అన్నదమ్ముల సీను వచ్చింది. ముందు వరసలో మద్రాసు నుంచి వచ్చిన సినిమా కంపెనీ మనిషి కూర్చున్నాడని అప్పటికే వేషగాళ్లందరికీ తెలిసిపోయింది. రాణి రెండుసార్లు జారిన సవరం సర్దుకున్నాడు. (రాణి మా తపాలా బంట్రోతు.) మేస్త్రి గద పట్టుకుని వచ్చి సగం రాజ్యం ఇస్తావా చస్తావా అని గర్జించి, ఆ ఊపులో గంప ఎత్తినట్టే గద భుజానికి ఎత్తాడు. గుమాస్తన్న సింహాసనం దిగి పద్యం అందుకోవాలి. దిగాడు. ముందు వరస వైపు చూశాడు. అంతే, ముఖం సున్నం కొట్టిన గోడ అయిపోయింది. మెల్లగా తెర వైపు తిరిగి, చావబోయే మనిషి చూసే చూపు చూశాడు. ఆ చూపు ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది. నేను ఏమాత్రం తడుముకోకుండా, నాటకంలో నాకు బాగా నచ్చిన మాట అందించాను.

భయంలో ఉన్న మనిషికి ఆలోచన ఉండదు. చెవిలో పడ్డది నోట్లోంచి వచ్చేసింది. కిరీటం పెట్టుకుని, మీసం మెలేసుకుని, రాజసంగా చెయ్యి చాపి, "చెయ్యి దించు! ఉప్పు మోస్తుండావా, రాజ్యం ఏలేదానికి వచ్చినావా?" అన్నాడు.

మేస్త్రి దించేశాడు! రోజూ ఆ మాటకి దించడం అలవాటు. దించడమే కాదు, "తప్పయిపోయింది" అని కూడా అన్నాడు. పందిట్లో జనం ఒక్క క్షణం ఉలిక్కిపడి, ఆ వెంటనే పకపకా నవ్వడం మొదలుపెట్టారు. జడ్జీలు నవ్వారు, ముందు వరస మనిషి తొడ చరుచుకుని నవ్వాడు. నాకు మాత్రం ఏమీ అర్థం కాలేదు. మంచి గంభీరమైన చోట ఎందుకు నవ్వుతారు వీళ్లు అని జనం మీద కోపం వచ్చింది. అప్పుడు గుమాస్తన్న ఒక పని చేశాడు. నవ్వు తగ్గేదాకా కదలకుండా నిలబడి, మేస్త్రిని కింది నుంచి పైదాకా తీరిగ్గా చూసి, "ఊ. ఇప్పుడు అడుగు" అన్నాడు. ఆ మాట నేను అందించింది కాదు. పందిరి మళ్లీ లేచిపోయింది.

నాటకం అయ్యాక మాస్టారు తెర వెనక్కి గాలివానలా వచ్చాడు. "ఎవుర్రా ఆ మాట ఇచ్చింది? నేను మేస్త్రిని తిట్టే తిట్టు గదరా అది! నాటకంలో పెడతారా?" నాటకంలోది కాదని నాకు అప్పుడే తెలిసింది. గుమాస్తన్న నా వైపు చూశాడు, నా చేతిలో ఉన్న నోటుపుస్తకం వైపు చూశాడు. "ఎవురూ ఇయ్యలేదు మాస్టారూ, నాకే తట్టింది. మీరు నేర్పిందే గదా" అన్నాడు. మాస్టారు చల్లబడ్డాడు. తర్వాత గుమాస్తన్న నన్ను పక్కకి పిలిచి, "నువ్వని తెలిస్తే మాస్టారు మీ నాయన్ని పనిలోంచి తీయించేస్తాడు పాపా. నోరు మూసుకోనుండు, నేను చూసుకుంటా" అన్నాడు. నాకు ఎంత పెద్ద ఉపకారం చేశాడనిపించిందంటే, రెండు చేతులూ జోడించి దండం పెట్టాను. నా మాట తీసుకుపోతున్న మనిషికి దండం పెట్టాను! ఇప్పుడు తలుచుకుంటే ఆ దండం వెనక్కి లాక్కోవాలనిపిస్తుంది.

వెండి కప్పు ఆయనకే వచ్చింది. నెలలోపే మద్రాసు పోయాడు. ఏడాదికి మా ఊరి డేరా సినిమాకి ఆయన బొమ్మ వచ్చింది. తెర మీద రాజు, ఎదురుగా సేనాపతి కత్తి ఎత్తాడు. ఇప్పుడు వస్తుంది చూడండి అనుకున్నాను, వచ్చింది. మాట వేరు, బాణీ అదే. డేరా అంతా నవ్వు. నేను లేచి నిలబడి, "అది నేను అందించిందే!" అన్నాను. "కూచో మే, బొమ్మ కనపడ్లా!" అన్నారు వెనకవాళ్లు. అప్పటికి నాకు కొత్తగా పెళ్లయింది. మా ఆయన నా చెయ్యి పట్టి కూర్చోబెట్టి, "అక్షరమ్ముక్క రానిదానివి, నాటకం నువ్వు అందించినావా? రేపు మద్రాసు మెయిలు కూడా నేనే తోలినానంటావు" అన్నాడు. ఆ తర్వాత ఆయన బతికి ఉన్నన్నాళ్లూ కావలి స్టేషన్‌లో ఏ రైలు ఆలస్యమైనా, "ఏమ్మే, ఈ పొద్దు నువ్వు తోలలేదా?" అని అడిగేవాడు. మా నాయన పోయాడు, అయ్యవారు పోయాడు (పోయేదాకా ఆ రోజు కళ్లద్దాలు పగల్లేదనే చెప్పాడు). నా మాట నిజమని చెప్పేవాళ్లు ఒక్కరూ మిగల్లేదు. గుమాస్తన్న ఒకసారి కావలిలో సినిమా హాలు తెరవడానికి వస్తే, చంటిబిడ్డని ఎత్తుకుని జనంలో దూరి "గుమాస్తన్నా!" అని కేక పెట్టాను. ఆయన చటుక్కున తల తిప్పాడు. తిప్పాడు, నేను చూశాను. ఆ పేరుతో పిలిచేవాళ్లు అక్కడ ఇంకెవరున్నారు? కానీ వెంటనే రెండు చేతులూ ఎత్తి జనం మొత్తానికి దండం పెట్టాడు. అంతమందికి పెట్టిన దండంలో నా వాటా ఎంతో నాకు ఈనాటికీ తేలలేదు.

ఇన్నాళ్లూ ఊరుకున్నాను. నోటి మాటకి నోటి మాటే జవాబు, గాలికి పోయింది గాలికి పోయింది అనుకున్నాను. కానీ అచ్చు వేరు. అచ్చులో పడ్డది రేపు పిల్లలు చదువుతారు, నిజమనుకుంటారు. మాస్టారికి అందులో అరపేజీ ఉంది, గురువుగారని. మేస్త్రి పేరు ఉంది. తపాలా బంట్రోతు రాణి ఫోటో కూడా ఉంది! ఆ మాటని మోసుకొచ్చి అందించినదాని పేరు మాత్రం లేదు. ఉప్పుకైనా అంతే, తిన్నవాడు గుర్తుంటాడు, అమ్మినవాడు గుర్తుంటాడు. మరి నేను ఈ వయసులో పలక పట్టింది దేనికి? పుస్తకం అయిపోయిన సాయంత్రం ఆ పేజీ తెరిచి, పక్కన ఖాళీ ఉన్న చోట, నా పీతల అక్షరాలతో, పెన్నుతో రాశాను: "ఇది అబద్ధం. సరస్వతి రాలేదు. మాట అందించింది నేను." కింద నా పేరు, మా నాయన పేరు, మా పల్లె పేరు. రాసేసరికి చెమట పట్టింది. పుస్తకం మూసి తలగడ కింద పెట్టి, పెళ్లి రోజున కూడా అంత హాయిగా పడుకోలేదేమో, అంత హాయిగా పడుకున్నాను.

తెల్లవారేసరికి హాయి పోయి భయం పట్టుకుంది. పుస్తకం నాది కాదు కదా! దొంగతనం చేసినదానిలా కొంగులో దాచుకుని, తలుపులు తెరిచే వేళకే గ్రంథాలయం మెట్ల మీద కూర్చున్నాను. అక్కడ పుస్తకాలిచ్చే అమ్మాయి వచ్చింది. పేజీ తీసి చూపించాను.

"అయ్యో అవ్వా! పుస్తకంలో రాస్తారా ఎవురన్నా?"

"రాసుండేది అబద్ధమైతే?"

"అబద్ధమైతే మాత్రం! గ్రంథాలయం పుస్తకం గదవ్వా."

"అబద్ధం అచ్చేసినోళ్లని ఏమీ అన్లేదు నువ్వు. నిజం రాసినదాన్ని అంటుండావు."

ఆ అమ్మాయి కళ్లు నా రాత మీద పడ్డాయి. కూడబలుక్కుని చదివింది. (నా అక్షరాలు చదవాలంటే ఎవరైనా నాలాగే కూడబలుక్కోవాలి.) చదివి, కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. "మాట అందించింది నువ్వా? ఏం మాటవ్వా?" అంది. చెప్పాను. మేస్త్రి "తప్పయిపోయింది" అన్న చోటికి వచ్చేసరికి పడీపడీ నవ్వింది. నాకు మళ్లీ కోపం రాబోయింది, కానీ రాలేదు. ఆ నవ్వు వింటూ, పందిట్లో కదలకుండా నిలబడిన గుమాస్తన్నని చూశాను. నేనైతే అలా నిలబడి ఉండేదాన్ని కాదు. పారిపోయి ఉండేదాన్ని.

"ఈ పుస్తకం ఇంకొకటి కూడా ఉండాదా పాపా?" అని అడిగాను.

మంచి పిల్ల. శుభ్రమైనది చదువుకోవడానికి అడుగుతున్నాననుకుని, లోపలి బీరువాలోంచి రెండో పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టి, కిటికీలు తెరవడానికి పోయింది. నేను బల్ల దగ్గర కూర్చుని ఆ పేజీ వెతికి, పెన్ను మూత తీశాను. ఈసారి "అబద్ధం" అన్న మాట వదిలేశాను. "మాట అందించింది నేను" అని తొందరపడకుండా, ఒక్కో అక్షరం గుండ్రంగా రాశాను. కాస్త ఆలోచించి, దాని కింద ఇంకో వరస రాశాను: "నవ్వించింది మాత్రం ఆయనే."